విమానం రెక్క మీద చీరల మూటలు

2020 మార్చి ఆఖరున లాక్‌డౌన్ మొదలైన నాటికి నేను సూరత్‌లో గోడాదరా వైపున్న ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో లెక్కల మాస్టరుగా ఉన్నాను. హోదా గురించి ఒక మాట చెప్పాలి. మగ్గం నడిపేవాడు కారీగర్, మగ్గం చెడితే బాగుచేసేవాడు జాబర్, వీళ్ల మీద మాస్టర్, అందరి మీద శేఠ్. లెక్కల మాస్టర్ అనే కొలువు హాజరుపట్టీలో ఎక్కడా లేదు. బజారు నుంచి ఎవరైనా గజం గుడ్డ తెచ్చి ఇలాంటిదే కావాలంటే, భూతద్దం కింద అంగుళానికి ఎన్ని నిలువు పడుగు పోగులో, ఎన్ని అడ్డ పేక పోగులో లెక్కపెట్టి, దారం తూచి, వంద మీటర్లకు ఎంత దారం పడుతుందో, ఎంత వృథా పోతుందో చెప్పడం నా పని. వృథాగా పోయే పీలికలను సూరత్‌లో చిందీ అంటారు. నేను బడి మానేసింది ఏడో తరగతిలో. ఈ లెక్కలు ఎవరూ నేర్పలేదు, పాత చీటీల వెనక వేసి వేసి వచ్చినవే. అయినా ముప్పై ఒక్క సంవత్సరాల్లో నేను రాసిచ్చిన దానికంటే ఎక్కువ చిందీ ఏ మగ్గం మీదా రాలేదు. నాకున్న పేరు అదొక్కటే.

మగ్గాలు ఆగిపోగానే చాలామంది దొరికిన బండి పట్టుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. రైళ్లు నిలిచాక కార్ఖానా మీది గదుల్లో ఏడుగురం మిగిలాం. వారిలో జాబర్ రాజేశం నా భార్య తమ్ముడు. శేఠ్ కాంతిభాయ్ ఇల్లు అదే ఆవరణలో ఉండేది. ఆయన భార్య హంసాబెన్ రెండు పూటలా మాకందరికీ ఖిచిడీ పంపేవారు.

షెడ్డు చివర జనవరి నుంచి తొమ్మిది చెక్కపెట్టెలు పడి ఉన్నాయి. విదేశీ మగ్గం వచ్చిందని మేం అనుకున్నాం. దాన్ని బిగించేది తానేనని రాజేశం ఊరికి ఫోన్ చేసి చెప్పుకున్నాడు కూడా. ఏప్రిల్‌లో ఒక పొద్దున శేఠ్ మమ్మల్ని పిలిచి పెట్టెలు తెరిపించాడు. అందులో థర్మాకోల్ లాంటి నురగదిమ్మలు, గాజుదారంతో నేసిన తెల్లటి గాజుగుడ్డ చుట్టలు, జిగురు డబ్బాలు, ఒక ఇంజను, గోడకు సరిపోయేంత పటాలు, లావుపాటి పుస్తకం ఉన్నాయి. అది మగ్గం కాదు, విమానం.

తయారైన విమానం కొనకుండా తమ చేతులతో కట్టుకునే వారికోసం ఇలాంటివి అమ్ముతారట. శేఠ్‌కు విమానం నడిపే లైసెన్సు చాలా ఏళ్లుగా ఉంది, విమానమే లేదు. ఇందులో ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లుంటాయి. గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటి పోతుంది. పెద్ద రెక్కలూ ఇంజనూ వెనక ఉంటాయి, చిన్న రెక్క ముక్కు దగ్గర ఉంటుంది. పటాన్ని రాజేశం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"శేఠ్, మాల్ ఉల్టా అచ్చింది. వాపస్ పంపుదాం."

శేఠ్ నవ్వలేదు. రెక్కకు ఇనుము ఉండదని, నురగదిమ్మను రెక్క ఆకారంలో కోసి, దానిమీద గాజుగుడ్డ పొరలు పరిచి జిగురు పట్టిస్తే అదే గట్టిపడి రెక్క అవుతుందని వివరించాడు. గుడ్డ పని కాబట్టే మమ్మల్ని పిలిచానన్నాడు. గుడ్డ అన్నాక మాకు ధైర్యం వచ్చింది. రాజేశం చుట్ట విప్పి వేలితో రుద్ది, నేత వదులుగా ఉందని, అంచు సరిగా కట్టలేదని, ఇది మన దగ్గర రెండో రకం కింద పోతుందని తేల్చేశాడు.

పని మొదలైంది. రాజేశానికి ఇంతకుముందు పడుగుకు గంజి పట్టించే ఖాతాలో పనిచేసిన అలవాటు ఉంది. జిగురు కూడా గంజిలాగే ఎంత పడితే అంత గట్టి అని వాడి నమ్మకం. పుస్తకం మాత్రం జిగురు బరువు గుడ్డ బరువును మించకూడదంటుంది. నేను దారం తూచే కాటా పక్కన పెట్టుకుని ప్రతి గిన్నెనూ తూచి ఇచ్చేవాణ్ని. "గీ జర్రంత గంజితోని లుంగీ గూడ నిలవడదు బావా" అని వాడు గిన్నె గిన్నెకూ అనేవాడు. ఒకసారి గస్తీ పోలీసు ఒకాయన గేటులోంచి చూసి లోపలికొచ్చాడు. గుంపు ఎందుకు కట్టారని అడగబోయి, ఇంజనుకు బిగించిన పంకా చూసి, జిల్లా దాటడానికి పాసు ఉందా అని అడిగాడు. ఇంకా రెక్కలు రాలేదని శేఠ్ చెప్పాడు. రెక్కలు వచ్చాక ఠాణాకు వచ్చి రాయించుకోవాలని చెప్పి, మాస్కులు సరిచేసుకోమని ఆయన వెళ్లిపోయాడు.

జూన్‌లో రెక్కల పని దగ్గర చిక్కు వచ్చింది. గాజుగుడ్డ చుట్టల్లో ఒకటి దారిలో తడిసి పాడైంది. రెండు రెక్కల పైపొరలకు పుస్తకం లెక్కన నలభై ఎనిమిది మీటర్లు కావాలి. ఉన్నవి ముప్పై తొమ్మిది. కొత్త చుట్ట ఎప్పుడు వస్తుందో చెప్పగలిగే వాళ్లు ఆ రోజుల్లో ఎవరూ లేరు.

నేను పుస్తకంలోని కత్తిరింపు పటం ముందు కూర్చున్నాను. అందులో గుడ్డను పడుగు వెంట కాకుండా ఐమూలగా, అంటే ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా కోయమని గీతలున్నాయి. అలా కోస్తే రెండు పక్కలా త్రికోణాల పీలికలు మిగులుతాయి. నలభై ఎనిమిదిలో పన్నెండు మీటర్లు చిందీ. నాలుగో వంతు చిందీ నేను జన్మలో చూడలేదు. ఎవరో మగ్గం ముఖం చూడని మనిషి గీసిన పటమనుకున్నాను. అవే ముక్కలను పడుగు వెంట నిలువుగా అమర్చి లెక్క వేస్తే ముప్పై ఆరు మీటర్లలో రెండు రెక్కలూ వచ్చాయి, పైగా మూడు మీటర్లు మిగిలాయి.

శేఠ్ ఒకసారి సందేహించాడు. ఏటవాలు గీతకు కారణం ఏమైనా ఉందేమో అన్నాడు. గుడ్డ అదే, పొరలు అన్నే, బరువు అదే, కోణం మారితే గుడ్డ మారదు శేఠ్ అన్నాను. మగ్గాల మధ్య ఇది కాదనలేని మాట. నేను ఎంత నిక్కచ్చిగా చెప్పానంటే ఆయన మర్నాడు పూజలో దేవుడి పటానికి, తర్వాత నా కాలిక్యులేటర్‌కు బొట్టు పెట్టాడు.

ఆ ఊపులోనే ఇంకో మాట ప్రకటించాడు. కొత్త పడుగు మగ్గానికి ఎక్కించినప్పుడు, లెక్క ఇచ్చిన మాస్టరే మొదటి మూర తన చేత్తో నేయాలని మా కార్ఖానాల్లో ఆచారం. లెక్క తప్పితే ముందు వాడి వేళ్లే నలగాలని దాని అర్థం. "విమానానికి కూడా అదే కాయిదా. మొదటిసారి ఎగిరేటప్పుడు వెనక సీట్లో మాస్టర్" అన్నాడు కాంతిభాయ్.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మెట్లెక్కితేనే తల తిరుగుతుంది.

రాజేశం అక్కడికక్కడే అక్కకు వీడియో కాల్ కలిపాడు. "అక్కా, బావ విమానం కట్టిండు. ముందుగాల ఆయననే ఎక్కిచ్చి సూస్తరట."

నా భార్య నన్ను తెరమీదికి పిలిచింది. "రైళ్లే నడుస్తలేవు, గీయనకు విమానం గావాల్నట. ఏడికి పోతవ్? మూతికి మాస్కు కట్టుకోని సప్పుడుజేక కూసో" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు నుంచి నేను ఆ విమానంలో ప్రతి సంఖ్యనూ రెండోసారి చూడటం మొదలుపెట్టాను. మొదట వెనక సీటు లెక్క పట్టాను. విమానం బరువంతా ఏ బిందువు దగ్గర తూగుతుందో దాన్ని గురుత్వకేంద్రం అంటారు. అది పుస్తకంలో ఇచ్చిన హద్దుల మధ్య ఉండాలి. శేఠ్ తొంభై ఆరు కిలోలు, లాక్‌డౌన్‌లో నెలకు రెండేసి పెరుగుతున్నాడు. నేను అరవై ఒకటి. ఇద్దరం ఎక్కితే కేంద్రం హద్దు దాటుతుందని తేలితే నా పని నల్లేరు మీద బండి నడకే. మూడుసార్లు లెక్క వేశాను. మూడుసార్లూ తేలింది ఒకటే. వెనక సీటు సరిగ్గా ఆ కేంద్రం దగ్గరే ఉంది. అక్కడ నేను కూర్చున్నా, ఇద్దరు నేనులు కూర్చున్నా తూకం చెదరదు. నా లెక్క నాకు ఎదురుతిరగడం అదే మొదలు.

ఇక మిగిలింది రెక్క. ఎడమ రెక్క ఆగస్టుకు తయారైంది. బరువు పెట్టి పరీక్షించకుండా ఎక్కనని పట్టుబట్టాను. రెక్కను తలకిందులుగా బిగించి, గాలి ఎంత బలంగా పైకి ఎత్తుతుందో అంత బరువును మీద పేర్చడం ఆ పరీక్ష. మామూలుగా ఇసుక బస్తాలు వాడతారట. మాకు కావలసింది ఆరు వందల అరవై కిలోలు. ఇసుక దొరకలేదు కాని, రింగ్ రోడ్‌లో శేఠ్ బావమరిది గోదాములో ఆ వేసవి పెళ్లిళ్లకని తెచ్చి అమ్ముడుపోని చీరలు మూలుగుతున్నాయి. ఒక్కో మూటకు పన్నెండు చీరలు, మూట ఐదు కిలోల నాలుగు వందల గ్రాములు. నూట ఇరవై రెండు మూటలు తెప్పించి ఒక్కొక్కటీ తూచాను. ఆరు వందల యాభై ఎనిమిది కిలోల ఎనిమిది వందల గ్రాములు వచ్చింది. తక్కువైన కిలో రెండు వందల గ్రాములకు హంసాబెన్ వంటింటి నుంచి శెనగపిండి పొట్లాలు వచ్చాయి.

రెక్క మొదలును ఒక మగ్గం ఇనుప చట్రానికి బిగించాం. రెక్కను పది ఖానాలుగా గీసి, ఏ ఖానాలో ఎన్ని మూటలో చీటీ అంటించాను. రెక్క చివర ముందంచు నుంచి ఒకటి, వెనకంచు నుంచి ఒకటి, రెండు తూకం గుండ్లు దారంతో వేలాడదీసి, వెనక కొలబద్దలు నిలబెట్టాను. రెక్క ఎంత వంగుతుందో ఆ రెండింటి మధ్యలో పెట్టిన ఇంకో కొలబద్ద చెబుతుంది. దాని హద్దు నూట పది మిల్లీమీటర్లు.

మూటలు పేరుస్తుంటే పెళ్లింటి సారె సర్దినట్టు ఉంది. "బావా, గింత మంది ఆడోళ్ల శీరెలు ఒక్క రెక్క మీద పెట్టినవ్. గిది ఎగురది, పుట్టింటికి పోతది" అన్నాడు రాజేశం. మూడో వరుస పడ్డాక కాటా దగ్గర్నుంచి తిరిగి చూస్తే ఆరో ఖానాలో ఒక మూట తగ్గింది. హంసాబెన్ ఒక మూట విప్పి ఆకుపచ్చ చీర తీసుకుని భుజం మీద వేసుకుని చూసుకుంటున్నారు.

"బెన్, అది నాలుగు వందల యాభై గ్రాములు" అన్నాను.

"అంత బరువా? కడితే తెలియదులే" అని ఆవిడ ఇంకోటి లాగారు. చివరకు ఆ రెండు చీరల బదులు ఇంకో తొమ్మిది వందల గ్రాముల శెనగపిండి పెట్టించాను.

అన్నీ పేర్చాక మధ్య కొలబద్ద తొంభై ఆరు చూపింది. శేఠ్ గట్టిగా చదివాడు. నూట పదికి లోపలే. కారీగర్లు ఈలలు వేశారు. శేఠ్ పేడా మిఠాయిల డబ్బా తెప్పించడానికి పరుగెత్తాడు.

నేను తూకం గుండ్ల దగ్గరే ఉన్నాను. ముందంచు నూట పద్దెనిమిది దిగింది. వెనకంచు డెబ్బై నాలుగే దిగింది. రెండూ కలిపి సగం చేస్తే తొంభై ఆరే, అందుకే మధ్య కొలబద్దకు ఏమీ తెలియలేదు. తేడా నలభై నాలుగు. పుస్తకం ఒప్పుకునేది పదిహేను. రెక్క వంగినంత బాగానే వంగింది, కాని తడిగుడ్డ పిండినట్టు మెలి తిరిగింది. గాలిలో ఆ మెలి పెరుగుతూ పోతే రెక్క ఉండదు. ఆ రెండు సంఖ్యలూ చూసినవాణ్ని నేనొక్కణ్నే.

షెడ్డు వెనక్కి పోయి జేబురుమాలు తీశాను. రెండు చేతులా పడుగు వెంట లాగితే సాగలేదు. పేక వెంట లాగినా సాగలేదు. ఎదురెదురు మూలలు పట్టుకుని లాగితే బెత్తెడు సాగింది. గుడ్డ ఏ పోగు వెంట లాగితే ఆ పోగే ఆపుతుంది, మూలల వెంట ఆపడానికి పోగే లేదు. రెక్క మెలి తిరిగేటప్పుడు పొర సాగేది మూలల వెంటే. అందుకే పోగులు ఆ దిక్కుకు రావాలని వాళ్లు ఏటవాలుగా కోయమన్నారు. పన్నెండు మీటర్ల చిందీ దాని వెల. నేను ఆ వెల మిగిల్చి రెక్కకు ఉన్న బిగువంతా తీసేశాను.

అప్పుడు నా ముందు సులువైన దారి ఒకటుంది. అది కరోనా కాలం. ఎగిరే రోజు పొద్దున ఒక్కసారి దగ్గితే చాలు, పద్నాలుగు రోజులు నన్ను ఎవరూ ఏ సీట్లోనూ కూర్చోబెట్టరు. నా ప్రాణమూ దక్కుతుంది, ముప్పై ఒక్క సంవత్సరాల పేరూ దక్కుతుంది. కాని ఆ రెక్క మీద శేఠ్ ఒక్కడే పోతాడు. తప్పు లెక్క ఇచ్చిన మాస్టర్ వేళ్లు కాకుండా ఇంకొకరి వేళ్లు నలిగితే దాన్ని ఏ కార్ఖానాలోనూ ఎవరూ ఒప్పుకోరు.

మధ్యాహ్నం ఆవరణలో అందరూ పేడాలు తింటున్నారు. శేఠ్ దగ్గరికి వెళ్లి, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక గొంతు సవరించుకున్నాను. అదే నేను చేసిన రెండో తప్పు. దగ్గు వినగానే అందరూ ఒక్కసారిగా ఆరడుగులు వెనక్కి జరిగారు. శేఠ్ పేడా నోట్లో ఉండగానే మాస్కు పైకి లాగాడు. నేను ఒకడుగు ముందుకు వేస్తే వాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. రాజేశం అప్పటికే నీళ్ల ట్యాంకు వెనకున్నాడు. "ఆడనే ఉండు బావా! జెర దూరంకెంచి మాట్లాడు!"

చెవిలో చెప్పాలనుకున్న మాట అరిచి చెప్పాల్సి వచ్చింది. "శేఠ్, రెక్క మెలి తిరిగింది. లెక్క తప్పు. లెక్క నాది." ఎవరికీ సరిగా వినబడలేదు. మళ్లీ అరిచాను. పక్క మేడల మీద బట్టలు ఆరేసేవాళ్లు కూడా ఆగి విన్నారు.

శేఠ్ మాస్కు దించి పేడా మింగాడు. కొలతలు ఇంకెవరైనా చూశారా అని అడిగాడు. చూడలేదన్నాను. మరి ఎందుకు చెప్పావన్నాడు.

"వెనక సీటు నాది కదా శేఠ్."

ఆయన లోపలికి వెళ్లి తనే తూకం గుండ్లు చదివి వచ్చాడు. తిట్టలేదు. పటంలో గీత గీసినవాడు పిచ్చివాడు కాదని ఇద్దరం ఒప్పుకోవాల్సిందే అన్నాడు, అంతే. తిట్టే పని రాజేశం తీసుకున్నాడు. "ముప్పై ఒక్క ఏండ్లు మా అందరి చిందీకి మొఖం గంటు వెట్టినవ్. ఇప్పుడు నువ్వే ఒక రెక్క మొత్తం చిందీ జేస్తివి గదా బావా!"

నేను మూటలు దించడానికి షెడ్డులోకి వెళ్లాను.

ఆ రెక్కను కోసి పక్కన పెట్టాం. కొన్నాళ్లకు అది మోటారు సైకిళ్ల మీద నీడకు పనికొచ్చింది, దానికి మెలి తిరిగే అవసరం రాలేదు. పద్దెనిమిది మీటర్లు దానిలో పోగా ఇరవై ఒకటి మిగిలింది, ఐమూల లెక్కన రెండు రెక్కలకు ఇంకా ఇరవై ఏడు తక్కువ. గాజుదారం తెప్పిస్తే మన మగ్గం మీదే నేసుకోవచ్చని రాజేశం సలహా ఇచ్చాడు. ఒక తప్పు చాలని నేను అడ్డుపడ్డాను. కొత్త చుట్ట జనవరిలో వచ్చింది. ఈసారి పటంలో ఉన్నట్టే కోశాం. చిందీని కుప్ప పోసి తూచి చూసుకున్నాను కాని ఒక్క గీత కూడా మార్చలేదు. మళ్లీ చీరలు, మళ్లీ శెనగపిండి. ముందంచుకూ వెనకంచుకూ తేడా తొమ్మిది మిల్లీమీటర్లు. రెండో రెక్కకు పది.

రెండో విడత కరోనా దాటి, కాగితాలు పూర్తయ్యేసరికి 2021 చలికాలం వచ్చింది. తనిఖీకి వచ్చిన అధికారి, మొదటిసారి ఎగిరేటప్పుడు నడిపేవాడు తప్ప ఇంకెవరూ ఉండకూడదని నిబంధన చూపించాడు. ఆ నిబంధన ముందే తెలిసి ఉంటే నేను వెనక సీటు లెక్కలు మూడుసార్లు వేసేవాణ్ని కాదు, బహుశా బరువు పరీక్షా అడిగేవాణ్ని కాదు. శేఠ్ ఒంటరిగా ఎగిరి దిగాడు. తర్వాత కొన్ని వారాలకు, అనుమతి వచ్చిన రోజున, మొదటి మూర ఎలాగూ పోయింది, రెండో మూర నేయి మాస్టర్ అని తలుపు తెరిచి పట్టుకున్నాడు. పదకొండు నిమిషాలు ఎగిరాం. దిగగానే పై నుంచి ఊరు ఎట్లున్నదని రాజేశం అడిగాడు. నేను ఊరు చూడలేదు. పదకొండు నిమిషాలూ ఎడమ రెక్క ముందంచూ వెనకంచూ చూస్తూ కూర్చున్నాను. రెండూ సమంగానే ఉన్నాయి.

పని తెలిసినవాళ్లు గీసిన పటంలో వృథా కనిపిస్తే, అది ఏ పని చేస్తోందో తెలుసుకున్నాకే దాన్ని మిగిల్చాలని ఆ సంఘటన నాకు నేర్పింది. చూపు తగ్గి 2022లో కొలువు మానేవరకు, నా చీటీల్లో చిందీ రాసే గడి పక్కన అది ఎందుకు పోతోందో రాయడానికి ఇంకో గడి గీసుకున్నాను. అది నిండాకే మిగతా లెక్క చేసేవాణ్ని. దానివల్ల ప్రతి నమూనాకు అరగంట ఎక్కువ పట్టేది. శేఠ్ ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు.